ఇంగ్లీషు తరగతినుండి కోరదగిన దేమి?

ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పు నుపాధ్యాయుని "మావాడు లెక్కలు చేయుచున్నాడా?" యని తల్లిదండ్రు లడుగుదురు. ఆయన నోటుపుస్తకము తెరచి చూపును. వారు తృప్తులై పోవుదురు. ఇంగ్లీషు చెప్పువారి కా సౌకర్యము లేదు. పుస్తక మెంత నిండుగా నున్నను దానిని ప్రక్కకు నెట్టి "మావాడు మాట్లాడునా?" యని యడుగుదురు. మేము సంస్కృతమును గూడ కొంత నేర్చినవారము. తెల్లవారుజామున లేచి శబ్దమంజరిని, అమరకోశమును వల్లించిన దినములలో "నీకు సంస్కృతము మాట్లాడ వచ్చునా?" యని మమ్ము ప్రశ్నించిన పుణ్యాత్ముడు ఒక్కడును లేడు. ఈ భేదమున కొక కారణము కలదు. సంస్కృతమునుండి జనులు పుణ్యము కోరుదురు, ఇంగ్లీషునుండి ఉద్యోగము కోరుదురు. పుణ్యము వచ్చినదో లేదో పరీక్షించుట కష్టము. ఉద్యోగము రానిచో ఇంటిల్లిపాదికిని తెలియును.

మేము పనిచేయుచున్నది గోదావరిఖనిలో. కావున మా మాట లీ బొగ్గునేలకు సంబంధించినవి. తక్కిన యూళ్లవారు తమకు చెల్లినంతవరకు గ్రహింతురు గాక. 1871లో కింగు దొర యిల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిననాటినుండి ఇంగ్లీషుభాష యీ పరిశ్రమను విడువలేదు. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనులు త్రవ్వించెను. 1920లో వాని యాజమాన్యము సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించెను. 1945లో నిజాము ప్రభుత్వము ఆ కంపెనీ వాటాలలో నధికభాగమును కొనెను. నేడు నూటికి 51 పాళ్లు తెలంగాణ రాష్ట్రమునకును, 49 పాళ్లు కేంద్రమునకును గలవు. దొరలు పోయిరి గాని వారి మాటలు పోలేదు. గనిని మావారు 'బాయి' యందురు. అది చక్కని తెలుగు. కాని బాయిలో దిగిన కార్మికుని నోట మస్టరు, షిఫ్టు, ల్యాంపురూము, టబ్బు, టింబరు, సీము అను మాటలే వినబడును. అక్షరము రాని తాతలు సైతము వీనిని తమ యింటి మాటలుగా వాడుకొనిరి. ఎనిమిదవ ఇంక్లైను కాలనీలో పుట్టి పెరిగి, ఇంక్లైను అనగా గనిలోనికి దిగు నేటవాలు దారి యని యెరుగని పిల్లలు మా తరగతిలో కూర్చుందురు.

కాబట్టి ఈ పిల్లలకు ఇంగ్లీషుమాటల కొరత లేదు. వారికి లేనిది వాక్యము. ఆరవతరగతిలో నడుగు పెట్టిన బాలుడు గుమ్మమున నిలిచి "మేకమిన్సార్" అనును. అది ఐదుమాటల వాక్యమనియు, ఆ మాటలను విడదీసి మరియొక వాక్యమున వాడుకొనవచ్చుననియు వాడెరుగడు. వానికది లోపలికి వచ్చుటకు పలుకు మంత్రము. వాని తెలుగులో క్రియ వాక్యాంతమున నుండును. ఇంగ్లీషులో నది నడుమనే వచ్చును. 'గనిలో' అన్నప్పుడు 'లో' వెనుక వచ్చును; 'ఇన్ ది మైన్' అన్నప్పుడు 'ఇన్' ముందు నడుచును. ఆ 'ది' యెందుకో చెప్పబోయిన తరగతి ముగిసి గంట కొట్టుదురు. మన భాషలో నట్టిది లేదు గనుక దానిని సూత్రముచేత గాక వినికిడిచేతనే నేర్వవలెను. వినుటకు వానికి దొరకు చోటెక్కడ?

ఒకనాడు గనికార్మికు డొకడు రెండవషిఫ్టునకు పోవుచు బడికడ నాగెను. "సార్, ఇంగ్లీషు మీడియంల ఏసి ఐదేండ్లాయె. ఇంటికొచ్చిన సుట్టాల ముంగట రెండు ముక్కలు మాట్లాడుమంటే మావోడు నోరు తెరువడు" అని యాతని ఫిర్యాదు. మేము లెక్క చెప్పితిమి: "చూడు అన్నా, పీరియడు నలుబదియైదు నిమిషములు. తరగతిలో పిల్లలు నలుబదిమంది. నేను నోరు మూసికొని కూర్చున్నను పిల్లవానికి దినమునకు నిమిషమునకంటె నొకింత యెక్కువ దొరకును. ఏడాదికి 220 పనిదినములనుకొన్న మొత్తము నాలుగుగంటల చిల్లర." ఆతడు కొంతసేపాలోచించి, "ఏడాదికి నాలుగు గంటలేనా సార్? మాకు ఒక్క షిఫ్టే ఎనిమిది గంటలు గద. సగం షిఫ్టుల ఎవడు పని నేర్చిండు?" అనెను. బోధనాశాస్త్రమును గూర్చి యింత సూటియైన విమర్శను మేము శిక్షణకళాశాలలోనైనను వినలేదు.

ఈ లెక్క తెలిసినపిమ్మట తరగతినుండి వాగ్ధోరణిని కోరుట న్యాయము గాదు. కాని కోరవలసినది వేరొకటి గలదు. దానిని తల్లిదండ్రు లడుగుట లేదు, మేము ఇచ్చుటయు తక్కువ. పరీక్షలో 35 మార్కులు వచ్చిన గట్టెక్కినట్లే గనుక గైడుపుస్తకమును కంఠస్థము చేయించుట సులభోపాయము. విహారయాత్రను వర్ణించుచు మిత్రునకు లేఖ వ్రాయుడనిన నలుబదిమందియు ఒకే దినమున చార్మినారు చూతురు, ఒకే హోటలున భుజింతురు, ఒకే బస్సులో తిరిగివత్తురు. వారిలో హైదరాబాదు మొగ మెరుగనివారు సగము. గోదావరి కూతవేటు దూరమున నుండగా నదినిగూర్చి నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయువాడు లేడు.

ఈ వ్యాధి నేటిది గాదు. ఇంగ్లీషున స్వీయచరిత్ర వ్రాసిన తొలి తెలుగువాడు వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడై 1820లోనే నాటి పాఠశాలల చదువును గూర్చి నివేదిక సమర్పించెను. అర్థము తెలియని వల్లెవేత నాడును గలదు. మరి యెనుబదియేండ్లు దాటినపిమ్మట విశాఖపట్టణమున పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఇంగ్లీషును ప్రత్యక్షపద్ధతిని బోధింప బూనెను. తెలుగుతరగతులు చూడవచ్చిన తనిఖీ అధికారి యేట్సు దొర, పుస్తకములోని తెలుగు వీథిలోని తెలుగువలె లేదేమని ప్రశ్నించెను. వీరికి గిడుగు రామమూర్తి పంతులుగారును గురజాడ అప్పారావుగారును తోడైరి. అనగా తెలుగువాడుకభాషను నిలుపు నుద్యమమునకు ఇంగ్లీషుబోధనను గూర్చిన చర్చయు నొక యూత. ఈ సంగతి వినినప్పుడు మా తెలుగు పండితమిత్రులు కొంచెము చిన్నబుచ్చుకొందురు.

2014లో వెలువడిన పదవతరగతి ఇంగ్లీషువాచకమున పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథకు ఇంగ్లీషు అనువాదము గలదు. ఇల్లలుకుచు అలుకుచు తన పేరు మరచిపోయిన ఇల్లాలి కథ యది. ఇంగ్లీషులో దానికి 'నా పేరేమి' యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. తెలుగుకథ నింటిలోనివారే చదివించుచుండగా తరగతిలో ఇంగ్లీషున నెందుకని యొక బాలిక యడిగెను. మేము రెండు పేర్లను నల్లబల్లపై వ్రాసి యేది దాటినదో, యేది దాటలేదో చెప్పుడంటిమి. ఇల్లలకగానే పండుగ కాదను సామెత ఇంగ్లీషుపేరులో లేదని పిల్లలు తామే కనిపెట్టిరి. అలుకుట యెన్నడు నెరుగని సిమెంటునేల క్వార్టర్లలో పెరిగినవారు గనుక ఆ సామెతను అమ్మమ్మ నడిగి వచ్చినవారును గలరు.

మరియొక సంగతి. కర్మణిప్రయోగమును చెప్పుచు, కాలనీగోడలపై కనబడు ప్రకటనలవంటి వాక్యమొకటి ఇంగ్లీషున వ్రాసితిమి: రేపు నీటిసరఫరా నిలిపివేయబడును. "ఎవరు బంద్ చేస్తరు సార్?" అని యొక బాలిక యడిగెను. కర్తను చెప్ప నక్కరలేనిచోట విడువవచ్చునని సూత్రము చెప్పితిమి. "అక్కర ఎవరికి లేదు సార్? మాకు ఉన్నది గద" అని యామె కూర్చుండెను. తరగతి గొల్లుమనెను. ఆనాటినుండి కర్తలేని వాక్యము కనబడినప్పుడెల్ల దానిలో కర్తను వెదకుట మా తరగతిలో నొక యాటయైనది. కార్యాలయముల కాగితములలో నీ యాటకు సామగ్రి తరుగదు.

'అన్' అను నుపసర్గను చెప్పిన దినమును గూర్చి గూడ చెప్పవలెను. ఈ ప్రాంతమున 'అన్‌ఫిట్' అనుమాటకు నిఘంటువులో లేని యర్థమొకటి గలదు. వైద్యమండలి యొక కార్మికుని పనికి తగడని తేల్చినచో వాని సంతానములో నొకరికి కారుణ్యనియామకము దొరకు మార్గము గలదు. అందుచేత ఇండ్లలో నామాట నాశతోను పలుకుదురు, భయముతోను పలుకుదురు. ఆ మాటతో వాక్యము వ్రాయుడనగా నొక బాలుడు ఇంగ్లీషున నిట్లు వ్రాసెను: "మా నాయిన అన్‌ఫిట్. మేము సంతోషముగా నున్నాము." వ్యాకరణదోషము లేదు. దానికి 'ఎందుకనగా' అనియు 'కాని' అనియు మరి రెండు వాక్యములు చేర్చి తెమ్మంటిమి. మరునాడు తెచ్చినదాని తెలుగు ఇది: "ఎందుకనగా మా అన్నకు ఉద్యోగము వచ్చును. కాని నాయిన రాత్రి బయట కూర్చుండును. ఆయనకు నిద్ర రాదు." ఒక మాటలో నక్షరమొకటి తప్పిపోగా దిద్దితిమి. తక్కినదానికి మేము చేర్చవలసినదిగాని తీసివేయవలసినదిగాని లేదు. ఆ మూడుముక్కలు వాడు బంధువుల యెదుట పలుకలేకపోవచ్చును. ఏ గైడునుండియు దొరకవు.

ఇట్టి మాటలు చెప్పి మేము ఉద్యోగచింతను తేలికచేయుచున్నామని చదువరు లనుకొనరాదు. 1990వ సంవత్సరప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికు లుండిరి. నేడు 40 వేల ప్రాంతమున నున్నారు. యంత్రములు వచ్చినవి, ఓపెన్‌కాస్టులు వచ్చినవి. బాయి మూతపడినచోట తండ్రులు ఇంగ్లీషునే మరియొక బాయిగా భావించి పిల్లలను దింపుచున్నారు. ఎవరు తప్పు పట్టగలరు? 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వపాఠశాలలలోను ఒకటి మొదలెనిమిదవతరగతి వరకు ఇంగ్లీషుమాధ్యమము ప్రవేశించెను. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటిపుట తెలుగుగా నచ్చైన పుస్తకములు పిల్లల చేతులలోనికి వచ్చెను. ఇది మేలైన యేర్పాటే. ఎదుటిపుట చూచుటను దొంగతనముగా నెంచి కొట్టు నుపాధ్యాయులున్నచోట మాత్రము నిరర్థకము. భౌతికశాస్త్రమున 'ప్రెషర్' అర్థము గానివాడు దానిని తెలుగున తెలిసికొనిన నింగ్లీషునకు కలుగు నష్టమేమి? గనిలో పైకప్పు బరువును మోయు దుంగను గూర్చి తండ్రి చెప్పిన మాటలతో నా పాఠము మరింత బాగుగా తెలియును.

తల్లులకొక మనవి. మీకు ఇంగ్లీషు రాదని పిల్లవాని పుస్తకమునకు దూరముగా నుండవలదు. ఆ దినపు పాఠమును తెలుగులో చెప్పుమనుడు. చెప్పగలిగినచో వానికి పాఠము వచ్చినది, తడబడినచో రాలేదు. దీనికి మీకు కావలసినది పది నిమిషములు, వినుటకు చెవులు.

ఈ యేడు తొమ్మిదవతరగతివారిని ఇంటిలోనున్న ఇంగ్లీషుకాగితమొకటి తెమ్మంటిమి. కరెంటుబిల్లులు, మందుచీటీలు, గ్యాసుపుస్తకము, యూరియాబస్తానుండి కత్తిరించిన ముక్క యొకటి, ప్రావిడెంటుఫండు కాగితములు వచ్చినవి. ఒక్కొక్కదానిని నల్లబల్లపై కెక్కించి, ఇది యెవరు ఎవరితో చెప్పుచున్నారు, మనమేమి చేయవలెనని చెప్పుచున్నారు, జవాబు వ్రాయవలసివచ్చిన నెట్లు వ్రాయుదుమని విచారించుచున్నాము. వాచకము కొంత వెనుకబడినది. ఇప్పుడు ఒక బాలిక తెచ్చిన వేతనచీటీకడ నున్నాము. అందులోని కోతల వరుసలో రెండు పొట్టియక్షరముల గుంపులకు అర్థము తరగతిలో నెవరికిని తెలియలేదు, మాకును తెలియలేదు. తండ్రి షిఫ్టునుండి వచ్చినపిమ్మట అడిగి రమ్మంటిమి. ఆయనకును తెలియనిచో కార్యాలయమున కొక లేఖ వ్రాయుదుము. చిత్తుప్రతిని పిల్లలే సిద్ధపరచుచున్నారు.