120 గజాల గడి

2020 ఆగస్టు వానలకి వరంగల్ కాలనీలు మునిగినప్పుడు మా మేనత్త ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. "ఇక్కడ చెరువేడిది బిడ్డా? కొన్ననాడు సర్కారు తుమ్మలు తప్ప ఏం లేకుండె" అంటుంది ఇప్పటికీ.

ఆ మాట సంగతేంటో చూద్దామనే జీఐఎస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మొదటి పాఠమే నన్ను పట్టుకుంది. నేల మీద ఉన్నదాన్ని కంప్యూటర్‌కి రెండు రకాలుగా చెప్పొచ్చట. ఒకటి వెక్టర్: బోరుబావి ఒక చుక్క, నాలా ఒక గీత, చెరువు చుట్టూ మూసేసిన ఒక ఆకారం. రెండోది రాస్టర్: నేలంతా లెక్కల నోట్‌బుక్‌లా గళ్లు, గడికో అంకె.

వెక్టర్‌లో అత్తమ్మ వాళ్ల పక్క చెరువు గీయబోతే చెయ్యి ఆగిపోయింది. అంచు ఎక్కడ? మే నెలలో నీళ్లున్న మేరకా, మత్తడి దూకిన రోజు ఉన్న మేరకా? రెండూ నిజమే. కాకతీయుల కాలం నుంచీ మన చెరువులు వానకి నిండి, పొలాలకి పారి, ఎండకి కుంచించుకుపోయేవే. నీళ్లు తగ్గాక బయటపడే నేలకి శిఖం అని పేరు కూడా ఉంది. కదిలే అంచుకి ఒకే గీత గీయాలి కాబట్టే, నిండినప్పటి మట్టాన్ని ఎఫ్‌టీఎల్ అని లెక్కలోకి తీసుకుంటారు. ఎండాకాలంలో గీత గీసేవాడికి మాత్రం శిఖమంతా ప్లాట్లే.

తర్వాత సెంటినెల్-2 బొమ్మలు దించుకున్నాను. 2015లో యూరప్ వాళ్లు పంపిన ఉపగ్రహం. దాని గడి 10 మీటర్లకి 10 మీటర్లు. అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 120 గజాలు.

అత్తమ్మ ప్లాటు కూడా 120 గజాలే. చీటీలు, గాజులు, మామయ్య పీఎఫ్, అన్నీ కలిపితే ఒక్క గడి. అదీ పూర్తిగా ఆమెది కాదు. ఉపగ్రహానికి ప్రహరీగోడలు పట్టవు, సగం పక్కింటి మీదికి పోయింది.

వరద రోజుల బొమ్మ చూస్తే అంతా మబ్బే. వెనక్కి వెళ్లాను. సమీప పరారుణ కాంతిని నీళ్లు మింగేస్తాయి కాబట్టి ఆ బొమ్మల్లో అవి నల్లగా కనిపిస్తాయి. ఆమె కొనడానికి ముందు ఏడాది, మే నెలలో ఆ గడి తెల్లగా ఉంది. అక్టోబర్‌లో నల్లగా ఉంది.

ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది మేం కొనకముందుదేనా?"

"అవునత్తమ్మా."

"ఎవరన్నా చూడొచ్చునా? పైసల్లేకుండ?"

"ఎవరైనా చూడొచ్చు."

ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ అంది: "వెనక గల్లీల ఒకాయన పోయిన ఆదివారం ప్లాటు చూసిపోయిండు. ఇంకా బయానా ఇయ్యలే. ఆయన గడి గూడ జర చూడు."