సాంబ్రాణి బాటలో షేబ రాణి

ఒమన్ దక్షిణాన, సలాలా చుట్టూ ఉన్న ధోఫార్ కొండల్లో సాంబ్రాణి బాట ఒక చెట్టు దగ్గర మొదలవుతుంది. బెరడు మీద గాటు పెడితే పాలలాంటి జిగురు బొట్లుబొట్లుగా కారి కొన్నాళ్ళకు గట్టిపడుతుంది. ఈజిప్టు నుంచి రోము దాకా గుళ్ళలో ఈ సాంబ్రాణితో ధూపం వేసేవారు.

అక్కడి నుంచి ఒంటెలు పడమరకు నడిచి హద్రమౌత్ రాజధాని షబ్వాకు చేరేవి. సాంబ్రాణి బరువులకు ఆ ఊళ్ళో ఒక్కటే ద్వారం తెరిచి ఉంచేవారని, దారి తప్పించి సరుకు తీసుకుపోతే మరణశిక్ష అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పదోవంతు దేవుడికి ఇచ్చాకే మిగతాది అమ్మాలి. తరవాత కతబాన్ రాజ్యపు తిమ్నా. ఆపైన ఎడారి అంచున సబా రాజధాని మారిబ్. షేబ అంటే ఈ సబానే.

మారిబ్ దగ్గర ఆగాలి. సుంకాలు ఎంత వచ్చినా ఇసుకలో నగరం నిలవదు, అన్నం కావాలి. ఏటా రెండు వానకార్లలో యెమెన్ కొండల నీళ్ళు ధనా వాగులోకి ఉరికి వస్తాయి. బలఖ్ కొండల మధ్య ఆ వాగుకు అడ్డంగా సబా జనం సుమారు 600 మీటర్ల మట్టికట్ట వేసి రాతితో కప్పారు. అది నీళ్ళు నిలవ చేసే చెరువు కాదు. వరదను ఎత్తుకు లేపి, రెండు కొసల్లోని తూముల గుండా కాలువలకు మళ్ళించే ఏర్పాటు. దాని కింది ఆయకట్టు దాదాపు 9,600 హెక్టార్లు. రాణి సంపద అని లోకం చెప్పుకున్నదానికి అసలు పునాది ఈ కట్టే.

మరి రాణి? బైబిల్లో ఆమె 120 తలాంతుల బంగారంతో, లెక్కలేనన్ని పరిమళ ద్రవ్యాలతో సొలొమోను రాజు దగ్గరకు వస్తుంది. ఖురాన్‌లో ఆమె కబురు మోసుకొచ్చేది కూకుడుగువ్వ. అరబ్బుల కథల్లో ఆమె బిల్కీస్. ఇథియోపియాలో మకెదా, మెనెలిక్ రాజుకు తల్లి. మారిబ్‌లో అల్మఖా దేవుడి గుడిస్తంభాలను స్థానికులు బిల్కీస్ సింహాసనం అంటారు. 1951లో అమెరికన్ వెండెల్ ఫిలిప్స్ బృందం పక్కనే ఉన్న అవామ్ గుడిని తవ్వడం మొదలుపెట్టింది; మరుసటి ఏడాదే ప్రాణభయంతో పారిపోవలసి వచ్చింది. సబా శాసనాలు వేలల్లో బయటపడ్డాయి. వాటిలో రాజులున్నారు, యుద్ధాలున్నాయి, కట్ట మరమ్మతులున్నాయి. సొలొమోనును చూడవచ్చిన రాణి మాత్రం లేదు.

రాణులు కనిపించేది ఉత్తరాన. క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా శాసనాలు జబీబె, సంసి అనే అరబ్బు రాణుల కప్పాల గురించి చెబుతాయి. ఉత్తరాది రాణులూ దక్షిణాది సంపదా కథలో ఒకటైపోయి ఉండవచ్చని కొందరు పండితుల ఊహ. ఇప్పటికి దొరికిన ఆధారాలకు అదే దగ్గరగా ఉంది. అంతమాత్రాన కథ విలువ తగ్గదు. ఎక్కడో దక్షిణాన మహా సంపన్న రాజ్యం ఉందన్న మాట నిజమేనని మారిబ్ రాళ్ళు నిరూపించాయి. 2015లో యెమెన్ యుద్ధంలో ఆ కట్ట తూముల మీదే వైమానిక దాడి జరిగింది. 2023లో యునెస్కో మారిబ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ ఒకేసారి చేర్చింది.

మారిబ్ దాటాక బాట నజ్రాన్, దెదాన్, పెట్రాల మీదుగా మధ్యధరా తీరాన గాజాకు చేరుతుంది. తిమ్నా నుంచి గాజాకు 65 మజిలీలని ప్లినీ లెక్క. నీళ్ళకు, మేతకు, బసకు, సుంకాలకు కలిపి ఒక్కో ఒంటెకు 688 దెనారీలు అయ్యేవట. క్రీస్తుశకం తొలి శతాబ్దాలకు రోమన్ ఓడలు ఎర్ర సముద్రం మీదుగా ఈ సరుకు కోసం నేరుగా రావడం పెరిగి, ఒంటెల బాటకు రాబడి తగ్గింది. 3వ శతాబ్దం చివర్లో హిమ్యరు రాజులు సబాను తమలో కలుపుకున్నారు. ఆ తరవాత కూడా కట్టకు గండ్లు పడటం, పూడ్చడం దాదాపు మూడు వందల ఏళ్ళు సాగింది. 6వ శతాబ్దం చివర్లో పడిన గండిని ఎవరూ పూడ్చలేదు.