నాన్న మోకాలి మీద వాన చుక్క

వాన పడితే మా అంబాసిడర్‌లో గొడుగు వేసుకోవాలి. జోక్ కాదండీ. ముందు అద్దం కుడివైపు కింది మూల నుంచి నీళ్లు దిగి, సరిగ్గా నాన్న మోకాలి మీద పడేవి. ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని నడిపేవారు. మొన్న ఆషాఢంలో కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చూస్తే రేకు తుప్పుపట్టి, వేలు పెడితే రాలుతోంది. ఇక అమ్మ ఊరుకోలేదు. పాత ఇనుము కొనేవాడు వచ్చి రేటు కూడా చెప్పి వెళ్లాడు. "ఇచ్చేద్దాంలే" అన్నారు నాన్న ఫోన్‌లో. ఆ 'లే' దగ్గర ఆయన గొంతు నాకు నచ్చలేదు. రెండు రోజులు సెలవు పెట్టి హైదరాబాద్‌లో బస్సెక్కేశా.

మాది 1984 బండి, మార్క్ 4. ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి అమ్మమ్మ లాంటిది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా అంబాసిడర్లు తయారయ్యాయి. తర్వాత ఫ్యాక్టరీ ఆగింది కానీ, బండ్లు ఆగలేదు. వాటికి సామాను కావాలంటే మా జిల్లా వాళ్లకి ఒకటే దారి: బెజవాడ ఆటోనగర్.

ఉయ్యూరు నుంచి పొద్దున్నే బయల్దేరాం. కంకిపాడు, పెనమలూరు, పోరంకి, కానూరు... బందరు రోడ్డు మీద ఊళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుపోయాయి, ఎక్కడ పల్లె అయిపోయి ఎక్కడ పట్నం మొదలైందో తెలీదు. ఆటోనగర్ గేటు వచ్చిందని మాత్రం కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ వాసన, డీజిల్ పొగ. ఓ పక్క లారీలకి చెక్క బాడీలు కడుతున్నారు, ఇంకో పక్క వాటి నుదుటి మీద పువ్వులు గీస్తున్నారు. ఇక్కడ "మెకానిక్ ఎక్కడ?" అని అడిగితే నవ్వుతారు. స్ప్రింగు పట్టీల వాళ్లు వేరు, రేడియేటర్ల వాళ్లు వేరు, సీట్లు కుట్టేవాళ్లు వేరు. అద్దాల మేస్త్రీ ఎవరని అడగాలి.

ఆ మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ని గోటితో నొక్కారు. గోటి గుర్తు అలాగే ఉండిపోయింది. "ప్రాణం పోయిందమ్మా. ఎండకి బిగుసుకుపోయింది" అన్నారు. తర్వాత దాని కింద తెల్లటి జిగురు చూసి మొహం చిట్లించారు. రెండేళ్ల క్రితం ఇంకెవరో సిలికాన్ పూసి పంపారు. కొన్ని రకాల సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూశారా, అది ఆమ్లమే. నీళ్లు ఆపుతుందని పూస్తే, అదే లోపల రేకుని తినడం మొదలుపెడుతుంది. పైగా లోపలికి చేరిన నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసేస్తుంది.

బ్లేడుతో పాత రబ్బరు కోసి, ఇద్దరు లోపలి నుంచి అరచేతులతో మెల్లగా నెట్టి అద్దం బయటికి తీశారు. అప్పుడు కనిపించింది అసలు సంగతి. అద్దం కూర్చునే రేకు అంచు, కుడి మూలలో జానెడు మేర, అప్పడంలా పొరలు పొరలుగా ఉంది.

"దీని మీదే బిగించెయ్యండి, ఓ రెండేళ్లు వస్తే చాలు" అన్నారు నాన్న. డబ్బు గురించి ఆయన భయం.

"నేను బిగించను గురువుగారూ. వేరేవాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు మేస్త్రీ. కోపంగా కాదు, టీ తాగుతూ.

కాసేపు ముగ్గురం మాట్లాడుకోలేదు. ఇనుము వాడి రేటు నాకూ ఒకసారి గుర్తొచ్చింది, అబద్ధం ఎందుకు. చివరికి "చేయించేద్దాం నాన్నా, వెల్డింగ్ ఖర్చు నాది" అన్నా. ఆయన అవుననలేదు, కాదనలేదు. వెళ్లి అద్దం పక్కన కూర్చున్నారు, ఎవరైనా తన్నేస్తారేమోనని.

తుప్పు కోసి కొత్త రేకు ముక్క అతికించి, గీకి, ప్రైమర్ కొట్టి ఆరబెట్టేసరికి రెండో రోజైంది. ఈలోగా నేను బీడింగ్ కోసం షాపులు తిరిగా. చవకది మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, ఏ బండికైనా వేసుకోమంటారు. అది వద్దు. మన మోడల్‌కి సరిపోయేదే అడిగి, వంచి చూడండి. పగుళ్లు రాకూడదు, వదిలితే తిరిగి నిలబడాలి.

బిగించడం చూడాల్సిందే. బీడింగ్‌ని ముందు అద్దానికి తొడిగారు. దాని లోపలి గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో వదిలారు. సబ్బు నీళ్లు రాశారు (గ్రీజు, ఇంజన్ ఆయిల్ అస్సలు వద్దు, రబ్బరు పాడవుతుంది). అద్దాన్ని బయటి నుంచి ఆనించి ఒకరు అరచేతులతో నొక్కుతుంటే, మేస్త్రీ లోపల కూర్చుని తాడు లాగారు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కుతూ పోయింది. మూలల దగ్గర తొందరపడితే అద్దం పోతుంది. కుడి మూలకి వచ్చేసరికి నాన్న అటు తిరిగి నిలబడ్డారు.

టప్‌మని చిన్న చప్పుడు. రబ్బరు కూర్చుంది, అంతే.

పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టారు. నాన్న లోపల కూర్చుని ఆ మూలలో న్యూస్‌పేపరు పెట్టి చూశారు. తడవలేదు.

తిరుగు దారిలో పెనమలూరు దాటాక నిజం వానే పట్టుకుంది. నాన్న అలవాటుగా ఒళ్లో తువ్వాలు వేసుకునే ఉన్నారు. చుక్క పడలేదు. కానీ ఇన్నాళ్లూ ఆ సందులోంచి వచ్చే గాలి ఇప్పుడు రావట్లేదేమో, అద్దం లోపల ఆవిరి కమ్మేసింది. దారి కనపడక బండి పక్కకి ఆపారు. తువ్వాలు తీసి అద్దం తుడుస్తూ, "ఇదేంటే, కొత్త గోల" అని విసుక్కున్నారు. ఆయన గొంతు బాగానే ఉంది.