పాలకొల్లులో పిక్కుల డబ్బా

పాలకొల్లులో ఒక మాండలిన్ మాస్టారి ఇంటికి వెళ్లినవాళ్లు ముందుగదిలో ఉన్న మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ ఫొటో దగ్గర తప్పకుండా ఆగుతారు. నేను చూడాలని వెళ్లింది మాత్రం వెనక వసారా. అక్కడ ఒక పాత బల్ల, దానికి బిగించిన చిన్న వైస్, ఆకురాళ్లు, ఉప్పు కాగితం ముక్కలు, స్టీలు టిఫిన్ డబ్బా నిండా తీగలు మీటే పిక్కులు. పాఠం లేని వేళ మాస్టారు మాండలిన్లకు తీగలు మార్చేదీ, అరిగిన మెట్లు సమం చేసేదీ, పిక్కులు చేసుకునేదీ ఈ వసారాలోనే.

"మాస్టారూ, నా మాండలిన్ పలకట్లేదు, కొత్తది కొనాలి అంటూ వస్తారండి. ముందు పిక్కు మార్చి చూడండి అంటాను. చాలామంది మళ్లీ ఆ ఊసెత్తరు" అన్నారాయన.

నమ్మకం కలగలేదని నా మొహంలో కనిపించిందేమో, ఎదురుగా కూర్చున్న శిష్యుణ్ని పిలిచారు. "ఒరే అబ్బాయ్, మాయామాళవగౌళ ఆరోహణ వాయించు. పిక్కు నేనిస్తాను, చెయ్యి మార్చకు."

ఆయన ముందుగా ఇచ్చింది అర మిల్లీమీటరు మందం కూడా లేని నైలాన్ పిక్కు. స్వరం కంటే ముందు 'టిక్' అన్న చప్పుడు వినబడింది. పల్చటి పిక్కు తీగను తాకగానే తనే వంగుతుంది, తీగను పక్కకు లాగేలోపే జారిపోతుంది. తీగ పెద్దగా కదలదు కాబట్టి నాదంలో ఒంటి బలం ఉండదు. లావు తీగ మీద ఈ లోటు మరీ ఎక్కువగా తెలిసింది.

తర్వాతిది గడువు తీరిన ఏటీఎం కార్డులోంచి కత్తిరించిన ముక్క. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే కంపెనీలు 'మీడియం' అని అమ్మే మందానికి దగ్గర. టిక్ తగ్గింది, స్వరం నిలబడింది. చివరికి మిల్లీమీటరున్నర సెల్యులాయిడ్ పిక్కు ఇచ్చారు. ఇది వంగదు. తీగను గట్టిగా పక్కకు జరిపి ఒక్కసారిగా వదిలేస్తుంది. మాండలిన్ అదే, చెయ్యి అదే, తీగలు అవే. వసారాలో మాత్రం వేరే వాద్యం మోగుతున్నట్టుంది.

ఆ సెల్యులాయిడ్ పిక్కును మాస్టారు ఆకురాయి మీద రెండుసార్లు రుద్ది నా ముక్కు దగ్గర పెట్టారు. కర్పూరం వాసన! సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం వాడతారు మరి. గిటారుకూ మాండలిన్‌కూ దానితో పిక్కులు చేసి అమ్మడం 1922లో న్యూయార్క్‌లో డి'ఆండ్రియా అనే ఆయన మొదలుపెట్టాడంటారు. అంతకుముందు పేరున్న వాద్యకారులు ఎక్కువగా కోరుకున్నది తాబేటి చిప్ప. సముద్రంలో తిరిగే హాక్స్‌బిల్ తాబేలు పెంకు అది. ఆ తాబేళ్లు తరిగిపోవడంతో వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇస్తోంది. అయినా 'ఆ పాత నాదం వేరు' అని నిట్టూర్చేవాళ్లు ఇంకా ఉన్నారు. నాకైతే ఆ నిట్టూర్పు మీద జాలి లేదు.

మందం తర్వాత మొన. మాస్టారి దగ్గర మూడు మూలల పిక్కు ఒకటుంది. ఒక మూల సూదిగా, ఒకటి కాస్త గుండ్రంగా, మూడోది బొటనవేలి కొసలా మొద్దుగా అరగదీశారు. సూది మూలతో మీటితే నాదం పదునుగా, కొంచెం కరుగ్గా వచ్చింది. మొద్దు మూలతో మీటినప్పుడు ఆ కరుకంతా పోయి నిండుగా పలికింది. కారణం సులువే. ఒక స్వరంలో ఆధార శ్రుతితో పాటు దాని పైన ఎన్నో అనుస్వరాలు మోగుతుంటాయి. సన్నటి మొన తీగను ఒక్క బిందువు దగ్గర వంచుతుంది కనుక పై అనుస్వరాలు కూడా గట్టిగా లేస్తాయి. వెడల్పు మొన అంత పదునుగా వంచలేదు, అందుకని అవి అణిగిపోతాయి. మీటే చోటు చేసే పని కూడా ఇలాంటిదే. బ్రిడ్జి పక్కన మీటితే పదును, మెట్ల వైపు జరిగితే మెత్తన.

అంచు నునుపు సంగతి నేను ఊహించనిది. చుట్టు తీగల మీద 'గీర్' అనే గీకుడు చప్పుడు చాలామంది మాండలిన్ లోపమనుకుంటారు. మాస్టారు పిక్కు అంచును ముందు గరుకు ఉప్పు కాగితం మీద, తర్వాత నున్నటిదాని మీద, చివర పాత జీన్సు గుడ్డ మీద రుద్ది శిష్యుడికిచ్చారు. గీకుడు దాదాపు పోయింది. పైసా ఖర్చు లేదు.

డబ్బాలోని కొబ్బరి చిప్ప పిక్కులు చూసి ఇది గోదావరి తెలివి అనుకోబోయాను. ఆయనే ఆపారు. సరోద్ వాయించేవాళ్లు ఎప్పటినుంచో కొబ్బరి చిప్ప 'జవా'తోనే మీటుతున్నారట. చిప్పను హాక్సా బ్లేడుతో కోసి, రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీసి, కొబ్బరినూనె పట్టిస్తారు. "ప్లాస్టిక్కుకి ఈ తీపి రాదండి" అన్నది మాస్టారి వాదం. నేను పూర్తిగా ఒప్పుకోలేదు. కళ్లు మూసుకుని విన్నప్పుడు పల్చనకూ మందానికీ, సూదికీ మొద్దుకూ తేడా వెంటనే తెలిసింది. మందమూ మొనా ఒకేలా ఉన్న కొబ్బరి చిప్పకూ సెల్యులాయిడ్‌కూ మధ్య మాత్రం ఏది ఏదో చెప్పలేకపోయాను. వాయించేవాడి వేలికి తెలిసే తేడా వినేవాడి చెవిదాకా పూర్తిగా రాదని నాకనిపిస్తుంది. మాస్టారు నవ్వి ఊరుకున్నారు.

ఇంత పట్టింపు కర్ణాటక సంగీతానికి ఎందుకంటే, శ్రీనివాస్ చేసిన మార్పును గుర్తు చేసుకోవాలి. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. జతలోని రెండూ కలిసి మోగుతాయి కాబట్టి మీటులోని చిన్న లోపాలు ఆ మోతలో దాగిపోతాయి. 1969లో ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీనివాస్ గమకాల కోసం ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఒంటి తీగ మీద దాచుకోవడానికి చోటు లేదు, పిక్కు తాకిడిని కూడా ఆంప్లిఫయర్ పెద్దది చేసి వినిపిస్తుంది. పైగా వీణలోలాగే సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి మీటు పడాలి, ఒక మీటులోనే జారులూ కంపితాలూ పలకాలి. ఆ ఒక్క దెబ్బ నిండుగా లేకపోతే గమకం సగంలోనే ఆరిపోతుంది. సినిమా పాటల్లో వినే, చెయ్యి గడగడలాడించే ట్రెమొలో వేరే లెక్క. అక్కడ ఒక్కో దెబ్బ తేలిగ్గా ఉండాలి కనుక కాస్త వంగే పిక్కే చేతికి సుఖం.

కాబట్టి మాండలిన్ నేర్చుకుంటున్నవారికీ, పిల్లలకు నేర్పిస్తున్న తల్లిదండ్రులకూ నా మాట ఒకటే. కొత్త వాద్యానికి డబ్బు పెట్టేముందు మూడు మందాల పిక్కులు కొనండి. కృతులు వాయించేవారు మిల్లీమీటరుకు తగ్గనిది, మొన గుండ్రంగా ఉన్నది ఎంచుకోండి. పాటలూ ట్రెమొలో ఇష్టమైనవారికి ముప్పావు మిల్లీమీటరు చాలు. ఏది కొన్నా అంచు నున్నగా రుద్దుకోండి. ఎవరైనా తాబేటి చిప్ప పిక్కు అమ్మజూపితే కొనకండి, అది చట్టరీత్యా నేరం.