దూరదర్శనం – దగ్గరి మాట



తెలుగు పండితునిగా పనిచేసినవాడిని గనుక ఏ సంస్థ పేరు విన్నా నా మనసు ముందుగా పదం మీదికే పోతుంది. 'దూరదర్శన్' అంటే దూరాన ఉన్నదానిని చూపునది. పేరు సార్థకమే. అయితే మా పెద్దాపురం వంటి ఊళ్ళకు అది చాలాకాలం దూరాన్నే చూపింది. దగ్గరిదానిని చూపడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది.

ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా మొదలైన టెలివిజన్ 1965లో దినప్రసారమయింది. అప్పటికది ఆకాశవాణిలో ఒక భాగం. 1976 ఏప్రిల్ 1న విడివడి ప్రత్యేక విభాగమయింది. ఈలోగా మన రాష్ట్రంలో ఒక విశేషం జరిగింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించిన కార్యక్రమాలు ప్రసారం చేశారు. 'సైట్' అని పిలువబడిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే హైదరాబాదు నగరవాసికంటె ముందే పల్లెటూరి రైతు టెలివిజన్‌లో తెలుగు విన్నాడన్నమాట! హైదరాబాదు కేంద్రాన్ని నాటి రాష్ట్రపతి శ్రీ నీలం సంజీవరెడ్డిగారు 1977 అక్టోబరు 23న ప్రారంభించారు.

ఇన్సాట్-1బి 1983లో నింగికెక్కిన తరువాత దేశమంతటా చిన్న ప్రసార కేంద్రాలు వెలిశాయి. మా ప్రాంతపు డాబాల మీద ఏంటెనాలు మొలిచింది ఆ దశకంలోనే. కాని తొలినాళ్ళలో వాటిలో వచ్చేది ఢిల్లీ కార్యక్రమమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్త రోజులవి. మా వీధిలో ఒకరింట టీవీ ఉండేది. 1987 జనవరిలో 'రామాయణ్' మొదలైనప్పటి నుండి ఆదివారం పొద్దుట మా అమ్మ పని ముగించుకొని అక్కడికి వెళ్ళేది. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కైక వరాలు కోరుతుంటే కళ్ళు తుడుచుకొనేది. అదే అమ్మ రాత్రి హిందీ వార్తలు వస్తుంటే, "ఏటంటున్నాడ్రా ఆయన?" అని నన్నడిగేది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన నేను తోచినంత చెప్పేవాడిని.

కథ తెలిసినవారికి భాష అడ్డు కాదు. తెలియని కబురుకు భాషే తలుపు. వార్త అనేదే తెలియని కబురు కదా! 1986 ఆగస్టులో గోదావరి మహోగ్రరూపం దాల్చి లంకలను ముంచెత్తినప్పుడు మా వీధి వీధంతా చెవులప్పగించింది బొమ్మల పెట్టెకు కాదు, తెలుగు పలికే రేడియోకే.

హైదరాబాదు కేంద్రం నుండి తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలయ్యాయి. తొలి వార్తాపాఠకులు శ్రీ శాంతిస్వరూప్‌గారు. అవి మా దాకా చేరిన తరువాత నేను తరగతిలో పిల్లలకు వాటిని వినమని చెప్పేవాడిని. టెలిప్రాంప్టర్ లేని ఆ కాలంలో కాగితం చేతబట్టి, ధారణ మీద ఆధారపడి, తొట్రుపాటు లేకుండా చదవడం అవధాన విద్యకు దగ్గరి చుట్టమే. శకార షకారాలకు భేదం, ఒత్తులు, వాక్యం చివర నిలకడ... నేను నల్లబల్ల మీద నెలరోజులు చెప్పినా రానిది పది నిమిషాల శ్రవణంతో పట్టుబడేది. 2024 ఏప్రిల్ 5న ఆయన పరమపదించారని తెలిసినప్పుడు నాకు తోటి ఉపాధ్యాయుడు పోయినట్లే అనిపించింది.

ఇంత మాత్రాన ఆ సంస్థను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అది ఏలినవారి గొంతుగా ఉండిన కాలం చిన్నది కాదు. 1977 ఫిబ్రవరిలో ఢిల్లీలో జయప్రకాశ్ నారాయణ్‌గారి సభకు జనం పోకుండా ఆ వేళకే 'బాబీ' సినిమా వేశారన్నది ప్రసిద్ధమైన ముచ్చట. దరిమిలా వర్ఘీస్ సంఘం స్వయంప్రతిపత్తిని సిఫారసు చేసింది. ప్రసారభారతి చట్టం 1990లో వచ్చింది. అది అమలుకు రావడానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ ఏడే ఈటీవీ, జెమిని వచ్చాయి. రాష్ట్రం విడిపోయిన 2014లో సప్తగిరి విజయవాడకు తరలగా, హైదరాబాదులో యాదగిరి వెలసింది.

నేడు తెలుగు ఛానెళ్ళకు కొదువ లేదు. అమ్మ వేసిన ప్రశ్న వేయవలసిన పని ఎవరికీ లేదనుకుంటాం. కాని నలుగురు ఒకేసారి అరిచే చర్చ వింటున్నప్పుడు, తెలుగే అయినా, "ఏమంటున్నారు వీరు?" అని నాకే అడగాలనిపిస్తుంది. భాష మనదైనంత మాత్రాన చాలదు. ఎదుటివాడికి అర్థం కావాలన్న తపన అందులో ఉండాలి. ప్రభుత్వ సంస్థకు వ్యాపారపు తొందర లేదు గనుక ఆ తపనను నిలుపుకొనే వీలు దానికే ఎక్కువ. ఏలినవారికి లొంగనవసరం లేని స్వేచ్ఛ కూడా దానికి తోడైతే, ప్రజల సొమ్ముతో నడిచే ఆ సంస్థ ప్రజలదే అవుతుంది. పన్ను కట్టే పౌరులుగా ఈ రెండింటినీ అడిగే హక్కు మనకున్నది. అడుగుదాం.

స్వస్తి.