నన్నడిగారా?

మా అత్తిలిలో ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే "వైజాగ్ పంపించేయాలి" అని నవ్వుతాం. పోయిన వేసవిలో ఆ మాట మా బాబాయినే అనేశాను. రెండు వారాలుగా ఆయనకి నిద్ర లేదు, రాత్రంతా అరుపులు. నా మాట విన్నాడు. "నన్నడిగారేంట్రా ఎవరైనా?" అన్నాడు.

ఆ రాత్రి ఫోన్‌లో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివాను. మేజిస్ట్రేట్ ఒక మనిషిని పరీక్ష కోసం ఆసుపత్రిలో ఉంచమని ఆర్డర్ ఇవ్వొచ్చు. కానీ 10 రోజులు దాటకూడదు. ఆలోపు డాక్టర్లు చూసి రిపోర్టు ఇవ్వాలి. కోర్టుకే అన్ని షరతులు ఉంటే, నేను ఒక్క సెకన్లో తేల్చేశాను.

డాక్టర్ సుధాకర్ గుర్తొచ్చారు. కోవిడ్‌ టైంలో మాస్కులు లేవని బయటికి చెప్పాక సస్పెండయ్యారు. 2020 మే 16న విశాఖలో నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టారు. తర్వాత మానసిక ఆసుపత్రిలో చేర్చారు. జూన్‌లో హైకోర్టు చెప్పాకే బయటికొచ్చారు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఆ వీడియో చూసి 'పిచ్చోడు' అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పొద్దున్నే బాబాయికి సారీ చెప్పి, "డాక్టర్ దగ్గరికి వెళ్దామా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చొక్కా తెమ్మన్నాడు.