తలుపుమీది మూడక్షరములు

నవరసములలో భయానకమునకు మన ఇండ్లలో ఎన్నడును కొదువ లేదు. పిల్లవాడు అన్నము తినకున్నను, మిట్టమధ్యాహ్నము చెరువుగట్టునకు పోయినను పెద్దలు మొదట పిలుచునది బూచివానినే. భరతముని నాట్యశాస్త్రమున ఈ రసమునకు స్థాయిభావము భయమనియు, వికృతమైన ధ్వనులు, నక్కల గుడ్లగూబల అరపులు, శూన్యగృహము, అడవి మొదలగునవి దానిని పుట్టించుననియు, దాని వన్నె నలుపనియు, అధిదేవత కాలుడనియు చెప్పెను. ఆ పట్టికలోనుండి నేటి సినిమావాడు తీసివేయదగినది ఒక్కటియు లేదు. కాని ఆ శూన్యగృహము ఎవరిది, ఆ ధ్వని ఏ భాషలో వినబడవలెను అను ప్రశ్నను మాత్రము ముని మనకే వదలిపెట్టెను.

2024 వేసవిలో ఆ ప్రశ్న మాకు ఎదురైనది. సింధనూరు తాలూకాలోని మా క్యాంపునుండి రాయచూరునకు పోయి పత్రికారచన చదువుచున్న పిల్లలకు కళాశాలలో ఒక పని అప్పగించిరి. ఒక భయానక చిత్రమునకు ఆరంభము మాత్రము తీయవలెను. రెండు నిమిషములు దాటరాదు. కథ ముగియరాదు, కాని చూచినవానికి తక్కిన కథ చూడక లేవబుద్ధి పుట్టరాదు. మా పిల్లలు ముగ్గురు, వారి కన్నడ స్నేహితులు ఇద్దరు, ఇల్లు చూపుటకును మాటలు కూర్చుటకును పెద్దలము కొందరము, ఇదియే మా బృందము. పరికరములన్నియు కలిపి రెండు సెల్‌ఫోనులు, ఒక ముక్కాలిపీట వంటి స్టాండు, రెండు టార్చిలైట్లు.

కథకొఱకు మేము దూరము పోలేదు. 1990ల నాటి పుకారు నడివయస్సు దాటిన మనవారందరికిని జ్ఞాపకముండును. రాత్రివేళ ఒక స్త్రీ వచ్చి తలుపు తట్టుననియు, ఇంటివారికి ప్రియమైన గొంతుతో పిలుచుననియు, తలుపు తీసినవారు బ్రతుకరనియు ఊరూర చెప్పుకొనిరి. దానికి విరుగుడు మంత్రము కాదు, తాయెత్తు కాదు, వ్రాత. బెంగళూరు మొదలుగా కన్నడసీమలో తలుపులపై ‘నాళె బా’ అని వ్రాసిరి. తెలుగునాట గోడలపై ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసిరి. దయ్యము వచ్చి, చదువుకొని, మరునాటికి వాయిదా వేసికొని మరలిపోవును. మరునాడును అదే వ్రాత, అదే వాయిదా. కచ్చేరీల చుట్టు కాళ్ళరుగునట్లు తిరిగిన జనమునకు ఈ ఉపాయము తోచుటలో వింత లేదు. ఆ పుకారు పేరుతోనే 2016లో తెలుగున ఒక చిత్రము వచ్చినది. 2018లో హిందీలో వచ్చిన ‘స్త్రీ’ దేశమంతట ఆడినది.

ఈ పుకారులో మాకు నచ్చిన విశేషమొకటి కలదు. ఈ దయ్యము చదువుకొన్నది! అందులోను మా వంటి సరిహద్దు జిల్లాలో తిరుగునది రెండు లిపులు నేర్చి యుండవలెను. మా క్యాంపులో ఆనాడు పైన కన్నడమున, క్రింద తెలుగున వ్రాసికొన్న ఇండ్లు ఉండెను. ఏ భాష దయ్యము వచ్చినను ఇల్లు భద్రమని వారి ధైర్యము. నిజమునకు దయ్యములకు పొలిమేరలు పెద్దగా పట్టవు. కన్నడమున దెవ్వ, మనకు దయ్యము. మన కొరివిదయ్యము వారికి కొళ్ళిదెవ్వ. మనుష్యులకు మాత్రము పొలిమేరలు తప్పలేదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప ఎడమకాలువ నీటివెంట కృష్ణా, గోదావరి, గుంటూరు సీమలనుండి మన పెద్దలు వచ్చిరి. 1956 నవంబరు 1న రాయచూరు హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమునకు పోగా, అంతవరకు ఈ జిల్లాలోనే యున్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటక ఐనది. మనము నాటిన వరి మాత్రము నాటినచోటనే యున్నది.

పని మొదలిడుటకు ముందు పిల్లలు పాత చిత్రములను కొన్నింటిని చూచిరి. తెలుగువారికి తెరమీద దయ్యములను చూపి మెప్పించిన బి. విఠలాచార్య (1920–1999) కన్నడిగుడే. ఉడుపి దాపుననున్న ఉద్యావర ఆయన ఊరు. ‘జగన్మోహిని’ (1978)లో దయ్యము కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వండుచుండగా మా తరమువారు కెవ్వుమనిరి. ఈ తరమువారు నవ్విరి. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) చూచినప్పుడు మాత్రము ఎవరును నవ్వలేదు. అందు దయ్యము జానపదకథను విడిచి మధ్యతరగతి ఇంటిలోనికి వచ్చినది. వేషములు చేయవలసిన పనిని కెమెరా నడకయు ధ్వనియు చేసినవి. అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున కలిసి చదివిన ఇద్దరు యువకులు తీసిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) ఇంకొక అడుగు ముందుకు వేసి, దయ్యమును కడవరకు చూపనే లేదు. చేత ధనము లేనివానికి ఇంతకంటె మంచి పాఠము లేదు. చూపని దయ్యమునకు వేషము ఖర్చు ఉండదు.

మేము కూర్చిన కథ ఇది. రాత్రి. కరెంటు పోయినది. క్యాంపు ఇంటిలో ఒక పిల్ల సెల్‌ఫోను వెలుగున కన్నడ పాఠము చదువుకొనుచుండును. తలుపు చప్పుడగును. తలుపుమీద సుద్దతో ‘నాళె బా’, దాని క్రింద ‘రేపు రా’. బయటనుండి అవ్వ పిలుచును. పిల్ల లేచి గడియమీద చేయి వేయును. అప్పుడు కెమెరా మెల్లగా గోడవైపు తిరుగును. అక్కడ అవ్వ పటము, పటమునకు దండ. తెర చీకటి యగును. చిత్రము పేరు పడును.

చిక్కు వచ్చినది గొంతు దగ్గర. ఆ పిలుపు ఏ భాషలో ఉండవలెను? తెలుగుననే అని పిల్లలనిరి. మా క్యాంపు పెద్దలలో ఒకరికి అది కష్టము తోచినది. “మన భాషను దయ్యం నోట్లో పెడతారట్రా? డెబ్బై ఏళ్ళుగా ఇక్కడ అందరితో మంచిగా బతుకుతున్నాం. తెలుగంటే దయ్యాల భాష అని వాళ్ళ పిల్లలు నవ్వితే?” అని ఆయన అడిగెను.

ఆ మాటను తోసివేయుటకు వీలులేదు. 1993లో మలయాళమున వచ్చిన ‘మణిచిత్రతాళు’లో ఆవహించిన నర్తకి తమిళము పాడును. ఆ కథయే 2004లో కన్నడమున ‘ఆప్తమిత్ర’ ఐనప్పుడు ఆ నర్తకి పాట తెలుగైనది. ఆ పాత్ర ధరించిన సౌందర్య కోలారు జిల్లాలో పుట్టి, తెలుగువారికి ఇంటి ఆడపడుచైన నటి. ఆ చిత్రము వెలువడుటకు ముందే 2004 ఏప్రిల్ 17న విమానప్రమాదమున పోయినది. మలయాళపు ఇంటికి తమిళ దయ్యము, కన్నడపు ఇంటికి తెలుగు దయ్యము. పొరుగువాని భాష ఎప్పుడును తలుపునకు అవతలిదే. చూచుటకు ఇది వినోదమే. కాని ఆ అవతలివైపున నిలిచినవారికి ఒక్కొక్కప్పుడు ములుకువలె తగులును. పెద్దాయన బాధ అదియే.

దానికి సమాధానము మా కన్నడ పిల్లవాడు చెప్పెను. క్యాంపులో ఆడుకొని పెరిగిన తెలుగు వానిది. “తాతగారూ, అక్కడ పిలిచేది దయ్యమని ఎవరనుకుంటారండీ? అవ్వ అనుకోబట్టే కదా ఆ పిల్ల లేస్తుంది. మా అజ్జి నన్ను కన్నడంలో పిలుస్తుంది. ఈ పిల్ల అవ్వ తెలుగులోనే పిలవాలి. వేరే భాషలో పిలిస్తే ఆ పిల్ల లేవదు, మన సినిమా నడవదు.” అనగా, మన సినిమాలో తెలుగు తలుపునకు ఇవతలి భాష, ప్రేమ భాష, దయ్యము దానిని ఎరువు తెచ్చుకొన్నది. ఇది తెలిసిన పిమ్మట పెద్దాయన మరి మాటాడలేదు.

గొంతు ఇచ్చుటకు ముందుకు వచ్చినది ఆ ఇంటి అవ్వయే. ఎనుబదేండ్లు దాటిన ఆమెను దయ్యమువలె పిలువుమని అడుగుటకు మేము సంకోచించుచుండగా ఆమెయే నవ్వి, “ఈ ఇంట్లో నన్ను తెలుగులో పేరుపెట్టి పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు నాయనా. దయ్యమైనా సరే, తెలుగులో పిలిస్తే నాకు సంతోషమే. పిలవమంటే నేను పిలుస్తాను” అనెను. “అమ్మాయీ, తలుపు తియ్యవే” అను మూడుమాటలను ఆమె రెండుమారులు పలికినది. మొదటిసారి బిగ్గరగా, రెండవసారి మెల్లగా. నటింపుమని ఎవరును నేర్పలేదు. ప్రొద్దుపోయి ఇంటికి వచ్చిన ముసలిది ఎట్లు పిలుచునో అట్లే పిలిచినది.

తక్కిన ధ్వనులకు పిల్లలు పడిన పాటు చెప్పదగినది. ఆ ఇంటి టేకుతలుపు చప్పుడు లేకుండ తెరచుకొనును. అందుచేత కిర్రుమను చప్పుడును వసారాలోని ఉయ్యాలబల్ల గొలుసునుండి తీసికొంటిమి. తలుపు తట్టిన చప్పుడు రోకలితో ఖాళీ బియ్యపుపెట్టెమీద కొట్టినది. కాలువగట్టున కప్పల అరపులను వేరుగ పట్టి తెచ్చి పిలుపునకు ముందుంచి, పిలుపు వినబడిన క్షణమున అవి ఆగిపోవునట్లు కత్తిరించిరి. చూచినవారు తరువాత చెప్పిన మాట, తట్టినప్పుడు కంటె కప్పలు ఊరకుండినప్పుడే గుండె ఝల్లుమన్నదని. సినిమాలో క్షణమునకు ఇరువదినాలుగు బొమ్మలన్న వాడుక లెక్కన రెండు నిమిషములకు 2,880 బొమ్మలు. వానిలో సగము చీకటియే. ఆ చీకటిని నింపినది చెవి.

తలుపుమీది వ్రాత దగ్గర మాకు అసలు విషయము తెలిసినది. పాత్ర ధరించు అమ్మాయియే వ్రాయుట బాగుండునని అందరు అనిరి. ఆమె ‘నాళె బా’ అని కన్నడమున చకచక వ్రాసినది. ‘రేపు రా’ దగ్గర ఆగినది. ఇంట తెలుగు గలగల మాటలాడు పిల్ల. బడిలో చదివినది కన్నడము, ఇంగ్లీషు. తెలుగక్షరము ఆమెకు చూచిన ముఖమే గాని పేరు తెలియనిది. మంచముమీద కూర్చున్న అవ్వ అక్కడినుండియే దిద్దినది. ‘రా’ రెండు లిపులలోను ఇంచుమించు ఒక్కటే. ‘పు’మీద కన్నడమున గీత అడ్డముగ సాగును, మనకు తలకట్టు నిక్కి నిలుచును. ‘రే’లో దీర్ఘపు గుర్తు వారికి అక్షరము వెనుక వచ్చును, మనకు నెత్తిమీదనే యుండును. ఈ మూడక్షరములకు పావుగంట పట్టినది.

అవ్వకు తెలుగు చదువ వచ్చును, కన్నడము రాదు. మనుమరాలికి కన్నడము వచ్చును, తెలుగు రాదు. ఆ ఇంటిలో తలుపుమీది రెండు వ్రాతలను చదువగలిగినది దయ్యమొక్కటే. ఈ మాట మాలో ఎవరో నవ్వుచు అనగా అందరము నవ్వితిమి. నవ్వు తొందరగనే ఆగినది.

కళాశాలలో ప్రదర్శించిననాడు చిత్రము బాగుగనే నడచినది. అవ్వ రెండవమారు మెల్లగా పిలిచినప్పుడు గదిలో ఒక్క కుర్చీయు కదలలేదు. దీపములు వెలిగిన పిదప ఒక కన్నడ విద్యార్థిని, “క్రింద వ్రాసినదేమి?” అని అడిగినది. మా అమ్మాయి చదివి, అర్థము చెప్పినది. ఆమె బహిరంగముగ చదివిన మొదటి తెలుగు అదియే. తెలుగు దయ్యాల భాష అని ఎవరును అనలేదు. “మా అజ్జియు అట్లే పిలుచును” అని మాత్రము ఇద్దరు ముగ్గురు అనిరి.

మేము గ్రహించినది ఇది. భయము శత్రువు గొంతున పుట్టదు, అయినవారి గొంతున పుట్టును. ప్రియమైన పిలుపు గనుకనే తలుపు తీయబుద్ధి యగును. తీయబుద్ధి యగుటయే ప్రమాదము. కాని మన వంటి కుటుంబములకు దీనిని మించిన భయానకము ఇంకొకటి కలదు. పిలుపు వచ్చును, లోపల మనుష్యులుందురు, ఆ పిలుపు మాత్రము ఎవరికిని అర్థము కాదు. ఆ కథకు సంగీతమక్కరలేదు, చీకటియు అక్కరలేదు, పట్టపగలే జరుగును. రాయచూరు కోటగోడమీద గోరె గంగయ్యరెడ్డి కోటను కట్టించిన సంగతి తెలుపు 1294 నాటి శాసనము నలుబదియడుగులకు పైబడిన ఒకే శిలమీద నేటికిని నిలిచియున్నది. అంత పెద్ద రాయియు తనంత తాను మాటలాడదు. చదువువాడు వచ్చినప్పుడే అది శాసనము, లేనినాడు గోడ.

కన్నడము ఈ నేల భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్చుట మనకు గౌరవము, అన్నము కూడ. దానితోపాటు తెలుగు లిపియు నేర్చుటకు ఏండ్లు పట్టవు. రెండును ఒక తల్లి బిడ్డలు, తేడా తలకట్టు మాత్రమే. మా అమ్మాయి ఆ వేసవి ముగియకమునుపే అవ్వ దగ్గర కూర్చుండి అక్షరమాల పూర్తి చేసినది. ఇంటింట ఉన్న అవ్వల, తాతల గొంతులను సెల్‌ఫోనులలో పట్టియుంచుట నేడు పైసా ఖర్చులేని పని. కథ చెప్పించుడు, పాట పాడించుడు, పిల్లలను పేరుపెట్టి పిలిపించుడు. పిల్లలచేత ఇంటి తలుపుమీద తమ పేర్లను రెండు లిపులలోను వ్రాయించుడు. ‘రేపు’ అను మాట దయ్యమునకు చెప్పదగినది. ఈ పనికి చెప్పదగినది కాదు.